గవిసెన విప్పబుద్ధి కావడం లేదు

ప్రశ్న: నా వయసు 46. ఆరు నెలలుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. ఏదైనా హాబీ పెట్టుకోమని అందరూ అంటున్నారు. పెళ్ళికి ముందు వీణ నేర్చుకున్నాను, ఇప్పుడది మూలన ఉంది, చూస్తేనే నీరసం వస్తోంది. నేను బద్ధకస్తురాలినా?
– ఒక సోదరి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదమ్మా. ఇష్టమైన వాటి మీదే ఇష్టం పోవడం ఈ జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటి. ‘హాబీ పెట్టుకో’ అనేవాళ్ళకి ఈ సంగతి తెలియదు, వాళ్ళనేముందిలెండి. మూడ్ వచ్చాక వాయిద్దాం అని కూర్చుంటే ఆ మూడ్ రాదు, ముందు చెయ్యి కదిలితే మనసు నెమ్మదిగా వెనక వస్తుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స నడిచేది ఈ లెక్కమీదే. అందుకని రేపు వాయించకండి. గవిసెన, అదే వీణకి తొడిగిన గుడ్డ సంచి, విప్పి, 24 మెట్ల మధ్య పేరుకున్న దుమ్ము మెత్తటి బట్టతో తుడవండి, అంతే. ఎల్లుండి తుప్పు పట్టిన తీగ ఉంటే మార్పించండి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకి, పది నిమిషాలు, సరళీ స్వరాలు చాలు. అపస్వరం పలికితే పలకనివ్వండి, మీరేమీ కచేరీకి వెళ్ళడం లేదుగా! చేయలేని రోజు మానేయండి, మర్నాడు మళ్ళీ కూర్చోండి.

వీణ పట్టాను కదా అని మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. బతకాలనిపించని ఆలోచనలు వస్తే వెంటనే ఇంట్లోవాళ్ళకి, డాక్టరుకి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.