ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైఫైలో పెద్ద వీడియో పంపుతుంటే మధ్యలో ఆగిపోతోంది, ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ 11 ల్యాప్‌టాప్, రెండూ ఇంట్లో ఒకే వైఫై మీద ఉన్నాయి. దగ్గరి పరికరాలకు ఫైళ్ళు పంపే క్విక్ షేర్‌లో ఫొటోలు ఇలా నొక్కితే అలా వెళ్ళిపోతున్నాయి. చెల్లెలి పెళ్ళి వీడియో, 6 జీబీ ఫైల్, మాత్రం ఒకసారి 30 శాతం దగ్గర, ఇంకోసారి 80 దాటాక ఆగిపోతోంది. ఎర్రర్ ఏదీ చూపించదు. రౌటర్ రీస్టార్ట్ చేశారు, ల్యాప్‌టాప్‌లో యాప్ తీసేసి మళ్ళీ వేశారు, అయినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఖమ్మంలో మాది పెళ్ళి వీడియోల మిక్సింగ్ యూనిట్. కెమెరా ఫుటేజ్ కార్డుల్లో వస్తుంది కాబట్టి దాంతో గొడవ లేదు. "మా బావగారు ఫోన్‌లో తీశారండీ, ఇది కూడా కలపండి" అని తెచ్చే క్లిప్పులతోనే అసలు తంటా. ఒక్కొక్కరిది ఒక్కో కంపెనీ ఫోన్. ఛార్జింగ్ అడుగంటి ఉంటుంది, స్టోరేజ్ నిండిపోయి ఉంటుంది. కేబుల్ తెచ్చినవాళ్ళు తక్కువ. అందుకని ఈ ఆగిపోయే బాధ మాకు రోజూ ఉండేదే.

మీరు రాసినదాంట్లో అన్నిటికంటే పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆగే చోటు ప్రతిసారీ మారుతోంది అన్నారు చూడండి, అది. చాలామంది "ట్రాన్స్‌ఫర్ ఆగిపోతోంది" అని మాత్రమే చెప్తారు, ఎక్కడ ఆగిందో చూడరు. అసలు ల్యాప్‌టాపే కనిపించకపోయినా, "వెయిటింగ్" దగ్గరే ఉండిపోయినా అది ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని అడ్డుకునే కాపలా) లేదా నెట్‌వర్క్ సెట్టింగ్ గొడవ. ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆగితే ఫైల్‌నో, అది వెళ్ళి పడే డిస్కునో అనుమానించాలి. చోటు మారుతూ ఉంటే మాత్రం ఫైల్ బాగానే ఉన్నట్టు, ఫైర్‌వాల్ కూడా దారి ఇచ్చినట్టే. మధ్యలో ఫోనో ల్యాప్‌టాపో నిద్రపోతోంది, లేదంటే వైఫై తెగుతోంది. మీరు వెతకాల్సింది ఈ రెండింట్లోనే.

ముందు ఫోన్ సంగతి చూడండి, ఎందుకంటే పరీక్ష తేలిక. ఛార్జర్ పెట్టండి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్ళి స్క్రీన్ టైమవుట్‌ని ఉన్నదాంట్లో ఎక్కువకి మార్చండి. ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టి, ఆ యాప్ తెర మీద కనిపిస్తూ ఉండగానే ఫోన్‌ని పక్కన పెట్టేయండి. మధ్యలో వాట్సాప్ చూడొద్దు, రీల్స్ అసలే వద్దు. ఇలా చేస్తే ఫైల్ మొత్తం వెళ్ళిపోయిందా? దొంగ దొరికినట్టే. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, డోజ్ అనే ఏర్పాటు ఉంది. ఛార్జర్ లేకుండా, స్క్రీన్ ఆఫ్ అయి, ఫోన్ కదలకుండా కొంతసేపు పడి ఉంటే వెనకాల నడిచే యాప్‌లకు నెట్‌వర్క్ కట్ చేస్తుంది. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు అది మొదలవ్వదు, అందుకే ఛార్జర్ పెట్టమన్నది. అది చాలదన్నట్టు కొన్ని కంపెనీలు బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని చెప్పుకోడానికి తమ సొంత కత్తెర కూడా పెడతాయి. మెసేజ్‌లు ఆలస్యంగా వచ్చే ఫోన్ అయితే ట్రాన్స్‌ఫర్‌లు కూడా ఆగుతాయని లెక్క వేసుకోవచ్చు.

దీనికి శాశ్వతంగా చేయాల్సింది: సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మీరు వాడే ట్రాన్స్‌ఫర్ యాప్, అందులో బ్యాటరీ, అక్కడ "అన్‌రెస్ట్రిక్టెడ్". కొన్ని ఫోన్లలో "ఆటో స్టార్ట్" అని ఇంకొకటి ఉంటుంది, అది కూడా ఆన్ చేయండి. క్విక్ షేర్ సిస్టమ్‌తో పాటు వచ్చేది కాబట్టి కొన్ని ఫోన్లలో ఈ ఆప్షన్ విడిగా దొరకదు. అలాంటప్పుడు స్క్రీన్ ఆన్‌లో ఉంచడమే దారి.

ల్యాప్‌టాప్ కూడా నిద్రపోతుందని మర్చిపోకండి. వీడియో వెళ్తోంది కదా అని మూత దించేస్తే అంతే సంగతులు. సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలో స్లీప్‌ని ఆ పూటకి "నెవర్" చేసుకోండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిస్తే పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్ ఉంటుంది. పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపుకోవచ్చు అన్న టిక్కు తీసేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఆ ట్యాబే కనిపించదు, కంగారు పడొద్దు.

ఇవి చేసినా ఆగుతుంటే ఇక వైఫైదే పాపం. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే "మా నెట్ 200 ఎంబీపీఎస్ అండీ, అయినా ఇలా" అని ప్రతివాళ్ళూ అంటారు. మీ ఇంటర్నెట్ ప్లాన్‌కీ దీనికీ సంబంధం లేదు. ఫైల్ మీ ఇల్లు దాటి పోవట్లేదు. ఫోన్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి, ఒకే ఛానెల్ మీద రెండుసార్లు గాల్లో ప్రయాణిస్తుంది. అంటే సగం వేగం అక్కడే పోయింది. రౌటర్ హాల్లో, మీరు వెనక గదిలో ఉంటే పోయేది ఇంకా ఎక్కువ. ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టే వీలుంటే రౌటర్ నుంచి పెట్టేయండి, రెండు ప్రయాణాల్లో ఒకటి తగ్గుతుంది. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

తర్వాత వైఫై నడిచే రెండు బ్యాండ్లు, 2.4, 5 గిగాహెర్ట్జ్ గొడవ. 2.4లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. మా షాపు ఉన్న కాంప్లెక్స్‌లో ఫోన్ తెరిచి చూస్తే వైఫై పేర్లు తెర దాటి కిందికి పోతూనే ఉంటాయి. అందరూ ఆ మూడింట్లోనే కొట్టుకుంటారు. బ్లూటూత్ కూడా అదే బ్యాండ్. బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు పెట్టుకుని 2.4 మీద ఫైళ్ళు పంపితే రెండూ నత్తి కొడతాయి. 5 మీద రద్దీ తక్కువ, కానీ గోడలు దాటడంలో అది బలహీనం. చాలా రౌటర్లు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెడతాయి. సిగ్నల్ కాస్త తగ్గగానే ఫోన్ 5 నుంచి 2.4కి దూకుతుంది. యూట్యూబ్ చూస్తున్నప్పుడు ఆ దూకుడు మనకు తెలియదు. ఫైల్ పంపే యాప్‌లు కొన్ని మాత్రం ఆ చిన్న విరామానికే బిగుసుకుపోయి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతాయి. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. రౌటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి, ఫోన్, ల్యాప్‌టాప్ రెండిటినీ దాని మీదే ఉంచి, రౌటర్ ఉన్న గదిలో కూర్చుని పంపి చూడండి.

క్విక్ షేర్ గురించి ఒక మాట. ఇది పాత నియర్‌బై షేరే. 2024 జనవరిలో గూగుల్, శాంసంగ్ రెండిటి ఏర్పాట్లనూ కలిపి ఈ పేరు ఖాయం చేశారు. పాత వీడియోల్లో పాత పేరే వినిపిస్తుంది, తికమక పడకండి. ఇది ఎదుటి పరికరాన్ని బ్లూటూత్‌తో వెతుక్కుని, అసలు ఫైల్‌ని వైఫై మీద పంపుతుంది. ఏ కారణం చేతనైనా వైఫై దారి కుదరకపోతే బ్లూటూత్ మీదే ఈడ్చుకుంటూ పోవచ్చు. బ్లూటూత్‌లో మహా అయితే సెకనుకి 2 మెగాబిట్లు వస్తాయనుకోండి, మీ 6 జీబీకి ఆరున్నర గంటలు దాటుతుంది. అది ఆగినట్టే కనిపిస్తుంది, నిజానికి పాకుతోంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి వైఫై గ్రాఫ్ చూడండి. గీత లేస్తూ ఉంటే ఫైల్ వైఫై మీద నడుస్తోంది. నేలకి అతుక్కుపోయి ఉంటే ఆగిందన్నా అయి ఉండాలి, బ్లూటూత్ మీదన్నా పోతుండాలి.

రౌటర్‌దా కాదా అని తేల్చుకోడానికి మేం చేసే పని ఇది. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, ల్యాప్‌టాప్‌ని దానికి కనెక్ట్ చేస్తాం. డేటా ఎందుకు ఆపాలంటే, ఫైల్ వెళ్ళడానికి ప్యాక్ ఖర్చవ్వదు గానీ నెట్ దొరికింది కదా అని విండోస్ అప్‌డేట్లు మొదలుపెడితే కస్టమర్ ప్యాక్ గోవిందా. ఇప్పుడు రెండు పరికరాల్లోనూ లోకల్‌సెండ్ అనే ఫైళ్ళు పంపే యాప్ వేసుకుని పంపండి. ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు. ల్యాప్‌టాప్ కనిపించకపోతే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) చేత్తో కొట్టొచ్చు. అప్పుడు కూడా కనెక్ట్ కాకపోతే విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చండి. ఫోన్‌లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ వీపీఎన్ ఉంటే ఆపేయండి. ఇలా పంపితే ఫైల్ మొత్తం వెళ్ళి, ఇంటి వైఫైలో మాత్రం ఆగుతోందంటే, రౌటర్ తప్పో అది ఉన్న చోటు తప్పో అని తేలిపోతుంది. హాస్టల్, ఆఫీసు, గెస్ట్ వైఫైలలోనైతే పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా కట్టడి చేసి ఉంటుంది. అక్కడ ఎంత గింజుకున్నా లాభం లేదు, హాట్‌స్పాటే గతి.

మీది కాని కేసులు కూడా రాస్తున్నాను, ఇదే ప్రశ్నతో ఇంకొకరు రావచ్చు. ప్రతిసారీ 4 జీబీ దగ్గర ఆగితే అది ఫ్యాట్32 అనే పాత డిస్కు ఫార్మాట్ పరిమితి. సేవ్ అయ్యే చోటు పాత పెన్‌డ్రైవ్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా సరే. డేటా బయటికి తీసుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి. 99 శాతం దగ్గర నిలబడితే కంగారుపడి క్యాన్సిల్ కొట్టొద్దు. యాంటీవైరస్ ఫైల్‌ని తడుముతూ ఉండొచ్చు, డిస్కు రాయడం పూర్తవకపోయి ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో డిస్కు కదులుతున్నంతసేపు ఓపిక పట్టండి. సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో కూడా చూడండి.

కంప్యూటర్ నుంచి ఫోన్‌కి పంపేటప్పుడు ఇంకో చిత్రం ఉంది, ఇది మన తెలుగువాళ్ళకే ఎక్కువ తగులుతుంది. ఆండ్రాయిడ్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ఒక్కో కోడ్‌కి మూడు, పైగా ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్క. "శ్రీ" ఒక్కటే 12 బైట్లు తింటుంది. చి.ల.సౌ. నుంచి శుభముహూర్తం దాకా శుభలేఖ మొత్తం ఫైల్ పేరులోనే రాసేవాళ్ళున్నారు. విండోస్‌లో ఆ పేరు చక్కగా నిలుస్తుంది, ఫోన్‌కి పంపితే ఫెయిల్ అవుతుంది. పేరు చిన్నది చేస్తే వెళ్ళిపోతుంది.

ఇక మీ 6 జీబీ ఫైల్‌కి నా సలహా వేరు. క్విక్ షేర్ లాంటివి తెగితే చాలావరకు మళ్ళీ మొదటికే వస్తాయి. ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంపే పాత పద్ధతి) సర్వర్ ఉన్న ఫైల్ మేనేజర్ ఒకటి ఫోన్‌లో వేసుకుని, అది చూపించే అడ్రస్‌ని ల్యాప్‌టాప్‌లో ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌లో కొట్టి, అటునుంచి లాక్కోండి. మధ్యలో తెగినా మళ్ళీ మొదలుపెట్టినప్పుడు "రెజ్యూమ్" అని అడుగుతుంది, ఆగిన చోటు నుంచే నడుస్తుంది. పాస్‌వర్డ్ గాల్లో తెరిచి పోతుంది కాబట్టి ఇంట్లో మాత్రమే వాడండి, పని అయ్యాక సర్వర్ ఆపేయండి. వీడియో రేపే ఇవ్వాలంటే ఇవేవీ వద్దు, డేటా కేబుల్ కొని తెచ్చుకోండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు ఉంటాయి, షాపులో అడిగి తీసుకోండి. కేబుల్ పెట్టాక ఫోన్ నోటిఫికేషన్‌లో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోవాలి.

ఎలా పంపినా, ఫోన్‌లోది వెంటనే డిలీట్ చేయకండి. రెండు చోట్లా సైజుని బైట్లలో పోల్చండి, ల్యాప్‌టాప్‌లో వీడియో తెరిచి చివరి నిమిషానికి జరిపి చూడండి. చాలా ఫోన్లు ఎంపీ4 ఫైల్ సూచికని ఫైల్ చివర్లో రాస్తాయి. 95 శాతం వచ్చిన ఫైల్ 95 శాతం ఆడదు, అసలు తెరుచుకోదు. అప్పగింతల దాకా ఆడిందంటే అప్పుడు ఫోన్‌లోది తీసేయొచ్చు.