డార్సీకి మార్కులు వేసే ముందు

చిన్నీ,

నువ్వు జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మళ్లీ మొదలుపెట్టావనీ, ఈసారి అందులో మగవాళ్లందరినీ వరసగా నిలబెట్టి, ఎవడు నాయకుడో ఎవడు దగుల్బాజీయో తేల్చి, మీ స్నేహితుల ముందు మాట్లాడబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అంది. "మనిషి ఎంత కటువుగా ఉంటే లోపల ప్రేమ అంత ఎక్కువుంటుందట, నాయిక ఎలిజబెత్‌ను చివరికి పెళ్లాడే ఆ డార్సీయే అందుకు సాక్ష్యమట" అని. అప్పటినుంచీ మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. కుదించిన ప్రతి వద్దు, 61 అధ్యాయాలూ చదువు. సినిమాలూ సీరియళ్లూ కొన్నాళ్లు పక్కన పెట్టు. 1995 టీవీ సీరియల్లో తడిసిన చొక్కాతో కనిపించే డార్సీ పుస్తకంలో ఎక్కడా లేడు. పెన్సిల్ దగ్గర పెట్టుకో. అర్ధరాత్రి దాకా ఫోన్ వెలుగులో చదివి కళ్లు పాడు చేసుకున్నావంటే మాత్రం ఊరుకోను.

పైకి మర్యాదస్తుడిలా కనిపించే సైనికాధికారి వికమ్ సంగతి నీకు తెలిసిందే కాబట్టి తీర్పు చెప్పడం కష్టం కాదు. కానీ రెండోసారి చదువుతున్నావు గనక ఒకటి గమనించు. వాడి గుట్టంతా జేన్ ఆస్టిన్ మన కళ్లముందే ఉంచింది. పరిచయమై ఒక్క రోజైనా గట్టిగా గడవని ఎలిజబెత్ పక్కన కూర్చుని తన కష్టాలన్నీ ఏకరువు పెడతాడు. డార్సీ తండ్రి మీద గౌరవం ఉన్నంతకాలం ఆ కొడుకు పరువు తీయనంటాడు. డార్సీ ఊరు దాటగానే అదే కథ ఊరంతా పాకుతుంది. డార్సీకి జడిసి తప్పుకోనంటాడు, తీరా బాల్ డాన్స్ రోజు పత్తా ఉండడు. చర్చి ఉద్యోగం వద్దని దాని బదులు మూడు వేల పౌండ్లు పుచ్చుకున్నవాడు, ఆ ఉద్యోగం డార్సీ తనకు దక్కనివ్వలేదని ఏడుస్తాడు. ముప్ఫై వేల ఆస్తి ఉన్న డార్సీ చెల్లెలు, పదిహేనేళ్ల జార్జియానాకు వల వేస్తాడు. తర్వాత మేరీ కింగ్ అనే అమ్మాయికి పదివేలు కలిసొచ్చాయనగానే అటు తిరుగుతాడు.

36వ అధ్యాయం మాత్రం నిదానంగా చదువు. వికమ్ నిజస్వరూపం చెబుతూ డార్సీ రాసిన ఉత్తరాన్ని ఎలిజబెత్ కోపంగా మడిచి పెట్టేస్తుంది, అర నిమిషం గడవకముందే మళ్లీ విప్పుతుంది. వికమ్ చేసిన మంచిపని ఒక్కటైనా గుర్తు తెచ్చుకోబోతుంది. వాడి ముఖం, మాటతీరు కళ్లకు కడతాయి. చేసిన మంచి మాత్రం ఒక్కటీ తట్టదు. ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాను.

ఇక నా అసలు బెంగకు వస్తాను. నాతో చదువుకున్న ఒకమ్మాయి ఉండేది. మా అందరిలోకీ తెలివైనది. ఈ నవలలో పేజీలకు పేజీలు ఆమెకు నోటికి వచ్చు. ఆమెకు ఒకతనితో పెళ్లి మాటలు నడుస్తున్న రోజుల్లో మేం కొందరం కలిశాం. ఆమె ఏదో పుస్తకం గురించి ఉత్సాహంగా చెబుతుంటే అతను మధ్యలో అందుకుని, "తెలియని విషయాలు ఎందుకు మాట్లాడతావు?" అన్నాడు. అందరం బిగుసుకుపోయాం. ఆమె ముఖం ఒక్క క్షణం నల్లబడింది, అంతలోనే నవ్వేసింది. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "డార్సీ కూడా మొదట ఎలిజబెత్‌ను తీసిపారేశాడుగా, తనతో నాట్యం చేసేంత అందగత్తె కాదని. ఇతనూ అంతే, పైకే కటువు" అంది. పెళ్లయింది. ఏళ్లు గడిచాయి. అతను కటువుగానే ఉండిపోయాడు. ఆమె మాత్రం మాట్లాడటం మానేసింది. అంత గలగలలాడే పిల్ల, నలుగురిలో ఉన్నప్పుడు నోరు విప్పే ముందు అతని వైపు చూసేది.

ఆమె ఆ పుస్తకాన్ని సరిగా చదవలేదని నేననను, బాగానే చదివింది. కానీ డార్సీని చెడ్డవాడిగా మొదలై ప్రేమ వల్ల మంచివాడైన మనిషిగా లెక్కేసుకుంది. డార్సీ ఇల్లు పెంబర్లీ భవనం చూపించే పెద్ద పనిమనిషి రెనాల్డ్స్ ఏమంటుందో చూడు. నాలుగేళ్ల పిల్లాడిగా ఉన్నప్పటినుంచీ ఎరుగుదును, నన్ను ఒక్క పరుషమైన మాటా అనలేదంటుంది. పనివాళ్లకూ పేదవాళ్లకూ అతను ముందునుంచీ మంచివాడే. అతని తప్పు గర్వం. ఆ గర్వాన్ని ఎలిజబెత్ ముఖం మీదే కడిగేసింది, ఓపిగ్గా భరిస్తూ కూర్చోలేదు. నా స్నేహితురాలి మనిషి గురించి అలా మంచిమాట చెప్పే రెనాల్డ్స్ ఎవరూ లేరు తల్లీ.

మీవాళ్ల ముందు చదివి వినిపించడానికి రెండు చోట్లు చెబుతాను, పక్కపక్కన పెట్టి చూడు. 19వ అధ్యాయంలో బంధువైన పాదిరి కాలిన్స్ పెళ్లి చేసుకుంటానంటే ఎలిజబెత్ కాదంటుంది. ఆడపిల్లలు మొదట అలా అనడం మామూలేనని ఆయన సాగదీస్తూనే ఉంటాడు, ఎన్నిసార్లు కాదన్నా చెవికెక్కదు. అదే డార్సీ, 34వ అధ్యాయంలో ఆమె కాదనగానే అక్కణ్ణుంచి వెళ్లిపోతాడు. మర్నాడు ఉత్తరం ఇస్తాడు, అందులో మళ్లీ పెళ్లి మాట ఎత్తడు. చివర్లో అడిగేటప్పుడు కూడా, నువ్వు ఒక్క మాటంటే ఈ ప్రస్తావన ఇక తేనంటాడు. వ్యాపారం చేసుకునే ఎలిజబెత్ మేనమామ గార్డినర్‌ను ఆదరంగా పలకరించి చేపలు పట్టడానికి పిలుస్తాడు. వికమ్‌తో లేచిపోయిన ఎలిజబెత్ చెల్లెలు లిడియా కోసం వాడి అప్పులు తీర్చి, ఆ పేరు గార్డినర్‌కే రావాలంటాడు. నేను అతనికి మార్కులు వేసేది ఈ పనులకే. మొదటి రోజు బాల్ డాన్స్‌లో ఎలిజబెత్ అందం గురించి అన్న మాటకు అరమార్కు కూడా వేయను, నువ్వూ వేయకు.

డార్సీ స్నేహితుడు బింగ్లీ మంచివాడు, వెన్నెముక లేనివాడు. అతనికి రెండు వాక్యాలు చాలు. ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ దగ్గర మాత్రం ఆగు. ఆయన మాటలకు నేను ఇప్పటికీ పడీపడీ నవ్వుతాను. కానీ లిడియాను సైనికులు మకాం వేసిన బ్రైటన్ పంపొద్దని ఎలిజబెత్ ప్రాధేయపడితే, ఇంట్లో గోల భరించలేక పంపేసింది ఆ మనిషే. పదహారేళ్ల పిల్ల! దగుల్బాజీల జాబితాలో పెట్టమనను, నాయకుల పక్కన మాత్రం కూర్చోబెట్టకు.

ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ జోలికి వెళ్లి కాలిన్స్‌ను చేసుకున్నందుకు ఎగతాళి చేయకు. 27 ఏళ్లు, చేతిలో ఆస్తి లేదు, ఆ కాలం ఇంగ్లండ్‌లో ఆమె ముందున్న దారులు ఎన్నో నువ్వే లెక్కపెట్టి చెప్పు. రాసుకున్నది నాకు పంపితే రెండు రోజుల్లో చూసి తిరిగిస్తాను, బెన్నెట్ పేజీ ముందు పంపు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ