ఆట కూడా ఆరాధన అవుతుందా?

చర్చిలో పిల్లలు ఆడుకుంటే పెద్దలు కసురుతారు కదా, క్రైస్తవంలో ఆటకీ ఆరాధనకీ అసలు సంబంధం ఉందా అని అడిగారు. ఉంది, బైబిల్లోనే ఉంది.

ఆడుకోవడానికీ నవ్వడానికీ హీబ్రూలో 'సాహక్' అనే ఒకే క్రియ వాడతారు. మందసాన్ని, అంటే పది ఆజ్ఞల పలకలుంచిన పవిత్ర పెట్టెను, తెస్తుంటే దావీదు రాజు దేవుని సన్నిధిలో చేసింది అదే (2 సమూయేలు 6). రాజు అలా గంతులేయడం ఆయన భార్య మీకాలుకు పరువు తక్కువనిపించింది. దావీదు మాత్రం వెనక్కి తగ్గలేదు, దేవుని ముందు తనను తాను ఇంకా తగ్గించుకుంటానన్నాడు. జెకర్యా 8:5లో యెరూషలేము వీధుల్లో ఆడుకునే పిల్లలకూ అదే మాట. దేవుడు తిరిగి నిలబెట్టిన ఊరికి ఆ పిల్లల ఆటే గుర్తు! నాకు చాలా ఇష్టమైన వచనం ఇది.

తర్వాతి కాలంలోనూ ఇది పోలేదు. ఫ్రాన్స్‌లోని ఒసెర్ కతీడ్రల్లో ఈస్టర్ రోజున గురువులు పునరుత్థాన గీతం పాడుతూ, నేల మీది చిక్కుదారి ముగ్గు చుట్టూ చేరి బంతి విసురుకునేవారు. 1538లో దాన్ని ఆపేశారు. స్పెయిన్‌లోని సెవిల్ కతీడ్రల్లో మాత్రం దివ్య సత్ప్రసాద పండుగకు (క్రీస్తు శరీరంగా నమ్మే అప్పాన్ని గౌరవించే పండుగ) మగపిల్లలు ఈకల టోపీలు పెట్టుకుని, చిడతల్లాంటి కాస్టనెట్లు టకటకలాడిస్తూ బలిపీఠం ముందు ఇప్పటికీ నాట్యం చేస్తారు.

ఎందుకిలా? కతోలిక గురువు రొమానో గార్డిని 1918లోనే దీన్ని వివరించారు: పిల్లల ఆటలాగే ఆరాధనకూ బయటి ప్రయోజనం ఉండదు, అర్థం మాత్రం నిండుగా ఉంటుంది. గెలుపు కోసమో మెప్పు కోసమో ఆడితే అది వేరే సంగతి. ఏమీ అడగకుండా, దేవుని ముందు సంతోషంగా ఉండడానికే ఆడితే అది స్తుతే అని నేను నమ్ముతాను.