మద్రాసు టికెట్టు ఇప్పుడే కొనకు

అమ్మాయ్,

నీ ఉత్తరం చేరింది. మీ ముత్తాతగారి సంగతులు రాయాలన్న ఆలోచన బావుంది గానీ, వచ్చేవారమే మద్రాసు ఎగ్మూరులో పాత సర్కారీ రికార్డులుండే ఆర్కైవ్స్‌కి వెళ్లిపోతానంటే మాత్రం వద్దంటాను. అక్కడ ఏ జిల్లా, ఏ ఏడు, ఏ శాఖ అన్నది తెలిస్తేనే పని. "నరసాపురం దగ్గర ఊరండీ" అంటే సరిపోదు.

నేనూ అలా వెళ్లినవాణ్ణే. 1910 నాటి కాగితం కోసం రెండు రోజులు గోదావరి జిల్లా రికార్డులు తిరగేశాను, అప్పటికి మా ఊరు కృష్ణా జిల్లాలో ఉందని మూడో రోజుకి గానీ బుర్రకెక్కలేదు. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాల్ని అటు కలిపారు, 1925లో పశ్చిమ గోదావరి జిల్లా చేశారు, ఇక 1859కి ముందైతే గోదావరి జిల్లా అన్న పేరే లేదు. కాబట్టి మీ ఊరు ఏ ఏడు ఎవరి కింద ఉందో ముందు ఒక కాగితం మీద రాసుకో. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే పాత రెవెన్యూ సంవత్సరం, కనిపిస్తే 590 కలుపు: ఫసలీ 1330 అంటే 1920 జులై నుంచి మరుసటి ఏడు జూన్ దాకా. ఖర నామ సంవత్సరం అని ఉంటే 1891 కావచ్చు, 1951 కావచ్చు, సిరా చూసి తేల్చలేం, పక్కన ఇంకో ఆధారం కావాలి.

అసలు ఆర్కైవ్ మీ అటక మీదే ఉంది, 1986 వరదలకి నానిపోకుండా మిగిలి ఉంటే. పాత దస్తావేజు దొరికితే అందరూ ధర, విస్తీర్ణం చూసి మడత పెట్టేస్తారు. నువ్వు హద్దులు చదువు. తూర్పు ఫలానావారి చేను, పడమర ఫలానావారి చేను, ఉత్తరం పంట బోదె అని ఉంటుందే, అన్నదమ్ములు పంచుకున్న భూమి కదా, ఆ పక్క చేలవాళ్లు చాలాసార్లు మీ పెదతాతలూ వాళ్ల పిల్లలూ అయి ఉంటారు, అంటే మీ వంశవృక్షం ఆ నాలుగు హద్దుల్లోనే దొరకొచ్చు. ఆడవాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవని రాశావు. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన అరెకరం కాగితం వెతుకు, అందులో ఆవిడ పేరు, భర్త పేరు, అత్తారి ఊరు అన్నీ ఉంటాయి. ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడుగు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువాటికి అక్కడికే వెళ్లి దరఖాస్తు పెట్టుకోవాలి, కాస్త ఓపిక కావాలి, టెన్షన్ పడకు.

మీవాళ్లకి మాన్యం ఉండేదని ఎవరైనా అంటే మాత్రం 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్, అంటే మాన్యాల వివరాలు రాసిన సర్కారీ పుస్తకం, వదలకు. అగ్రహారాలే కాదు, గుళ్లో మేళం వాయించేవాళ్ల మాన్యాలూ అందులో ఉన్నాయి, అప్పటి అనుభవదారు పేరు, వయసుతో సహా.

ఇంటర్నెట్ సంగతి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత గెజిటీర్లు, అంటే జిల్లాల వివరాలు రాసిన సర్కారీ పుస్తకాలు, ఉచితం, కానీ కాకినాడని "కోకనాడ" అని, ఏలూరుని "ఎల్లోర్" అని దొరల స్పెల్లింగుల్లో వెతకాలి. యానాం చుట్టరికం ఉందన్నావు కదా, 1954 దాకా అది ఫ్రెంచివాళ్లది, పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లు ఫ్రాన్స్‌ విదేశీ ప్రాంతాల ఆర్కైవ్స్ సైట్లో పెట్టారు. ఫ్రెంచి రాకపోయినా పేర్లు గుర్తుపట్టొచ్చు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలకి ఒక రోజు పెట్టుకో, రెండో రోజు నువ్వే పెట్టుకుంటావు.

మీ అమ్మమ్మగారితో మాట్లాడేటప్పుడు ఎవరు ఎప్పుడు పోయారని అడక్కు, ఎవరి తద్దినం ఏ తిథిన పెట్టేవారో అడుగు, గబగబా చెప్తారు.

గొలుసుకట్టు రాత చదవలేకపోతే ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నాలుగు మూలలూ పడేలా. వెనక వైపు కూడా తియ్యి, ఆ స్టాంపు కాగితం ఎవరు కొన్నారో వెండరు అక్కడే రాస్తాడు.