రబ్బరు పట్టీతో ఇంటి కసరత్తు: అమ్మడికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. జిమ్ముకి నెలనెలా కట్టే స్తోమత లేదు, వెళ్లే తీరికా లేదు, ఇంట్లో రబ్బరు బ్యాండుతో పని అవుతుందా అని అడిగావు. తప్పకుండా అవుతుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కె.రవికుమార్ మన బరంపురం వాడే కదా, అందుకని కసరత్తంటే ఇనుమే ఎత్తాలని ఊళ్లో చాలామంది అనుకుంటారు. పోటీలకు వెళ్లేవాళ్లకు అది నిజమే. పొద్దస్తమానం కుట్టు మిషను ముందు వంగి కూర్చునే నీకు కావలసింది వీపు, తొడలు, భుజాలు గట్టిపడడం. దానికి మూడు నాలుగొందల పట్టీ చాలు. పట్టీ చవకదైనా పరవాలేదు గానీ, ఎంత పొడవున పట్టుకోవాలి, దేనికి కట్టాలి, ఎలా వదలాలి అన్న మూడు విషయాల్లో అశ్రద్ధ వద్దు.

కొట్టులో మూడు రకాలు చూపిస్తారు. రిబ్బనులా చదునుగా ఉండేది, రెండు చివర్లా పిడులున్న గొట్టం, కాళ్లకు తొడుక్కునే చిన్న రింగు. గొట్టం రకం తెగితే ఎక్కువగా పిడిలోపలి బిగింపు దగ్గరే తెగుతుంది. ఆ చోటు పైకి కనపడదు కాబట్టి చవకలో గొట్టం తీసుకోకు. రెండు మీటర్ల చదును పట్టీ ఒకటి, చిన్న రింగు ఒకటి కొనుక్కో. లేటెక్సు పడక దద్దుర్లు వచ్చేవాళ్లయితే లేటెక్సు లేదని రాసి ఉన్నది అడగాలి. సైకిల్ ట్యూబు కోసి వాడేవాళ్లూ ఉన్నారు. వాల్వు చుట్టూ అతికిన చోటే అది చీలుతుంది, కనుక వాల్వుకి రెండు పక్కలా బెత్తెడు వదిలి కోసి పారెయ్యాలి. పంచరు అతుకులున్న ట్యూబు మాత్రం ముట్టుకోవద్దు.

రంగు చూసి బలం అంచనా వెయ్యకు. ఒక కంపెనీ ఎరుపుకీ ఇంకో కంపెనీ ఎరుపుకీ పొంతన ఉండదు. కూరగాయల బండివాడి దగ్గర కొక్కెం కాటా ఉంటుంది, ఒక్క పూటకి అడిగి తెచ్చుకో. పట్టీ మీద మీటరు ఎడంలో పెన్నుతో రెండు గీతలు గియ్యి. ఒక గీత దగ్గర మీ అమ్మను గట్టిగా పట్టుకోమను. రెండో గీత దగ్గర గుడ్డపీలికతో కాటాకి కట్టు, కొక్కెం కొస రబ్బరుకి తగలకూడదు. గీతల మధ్య ఎడం రెండు మీటర్లయ్యే దాకా నిదానంగా లాగు. అప్పుడు కాటా చూపే కిలోలే ఆ పట్టీ బలం. చేతుల పనికి మీ అమ్మకు కిలోన్నర, నీకు రెండు నుంచి రెండున్నర కిలోలు మొదట్లో సరిపోతుంది. అంతకుమించి సాగదీయకు. రెండున్నర రెట్లు దాటితే రబ్బరు త్వరగా పాడై తెగుతుంది.

ఇక్కడో లెక్క గుర్తుపెట్టుకో. లాగే దూరం మారకుండా పట్టీని సగం పొడవున పట్టుకుంటే బిగువు రెండింతలవుతుంది. మడిచి రెండు పేటలుగా పట్టుకుంటే సుమారు నాలుగింతలవుతుంది. నిన్న తేలిగ్గా ఉన్నది ఇవాళ బరువనిపించిందంటే పట్టుకున్న చోటు మారి ఉంటుంది. అందుకే చేతులు వచ్చే చోట కూడా పెన్నుతో గుర్తు పెట్టుకో.

ఇక కట్టడం. దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇక్కడే. తలుపుకి కట్టేటట్టయితే, నువ్వు లాగినప్పుడు తలుపు మూసుకునే వైపే నిలబడాలి. తెరుచుకునే వైపు నిలబడితే గడియ ఒక్కటే ఆధారం, అది ఊడితే తలుపూ పట్టీ కలిసి మీదికొస్తాయి. పట్టీ చివర పాత తువ్వాలు చుట్టకి ముడేసి, ఆ చుట్ట అవతలి గదిలో ఉండేలా బందుల పక్క సందులోంచి పట్టీని ఇవతలికి తీసి, తలుపు మూసి గడియ పెట్టు. గడియ పక్క సందులో పెడితే జారుతుంది. పిల్లలు అవతల నుంచి తొయ్యకుండా ముందే చెప్పు. కిటికీ ఊచలంటే నాకు భయం. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి అవి తుప్పు పట్టి పెచ్చులు లేస్తాయి, ఆ పెచ్చు అంచు బ్లేడులా పట్టీని కోస్తుంది. తప్పదంటే రెండు మడతల గుడ్డ చుట్టి, దాని మీద కట్టు. వసారా స్తంభం అన్నిటికన్నా మేలు. ప్లాస్టిక్ కుర్చీకి, గ్యాసు బల్లకి, మంచం కోడుకి కట్టకు. ఎక్కడ కట్టినా పట్టీ తెగితే అది ఎగిరొచ్చే దారిలో నీ ముఖం ఉండకూడదు. కళ్లకు తగిలితే చూపే పోవచ్చు.

నీకు అన్నిటికన్నా అవసరమైనది వెనక్కి లాగడం. బొడ్డు ఎత్తున కట్టి, పట్టీలో సడలు పోయే దాకా వెనక్కి జరుగు. రబ్బరు మొదట్లో తేలిక, చివర్లో బరువు. సడలుగా మొదలుపెడితే సగం దూరం వృథా. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచు. మోచేతులు పక్కటెముకలు రాసుకుంటూ వెనక్కి పోవాలి, పిడికిళ్లు కింది పక్కటెముకల దగ్గరికి రావాలి. వీపు రెక్కలు రెండూ దగ్గరపడ్డాయా అని చూసుకో. ఒక్క క్షణం ఆగి, మూడు లెక్కపెడుతూ వదులు. టక్కున వదిలేస్తే సగం కసరత్తు పోతుంది, ఎందుకంటే వదిలేటప్పుడు కూడా కండ పనిచేస్తుంది. భుజాలు చెవుల దగ్గరికి లేస్తుంటే బిగువు ఎక్కువైందని అర్థం, అలాగే చేస్తే మర్నాడు మెడ పట్టేస్తుంది. అర అడుగు ముందుకు జరుగు. పట్టీని అరచేతికి గట్టిగా చుట్టేసుకోకు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒక చుట్టు చుట్టి పిడికిలి బిగించు, మణికట్టు వంగనీయకు.

మిగతావి చెబుతాను. వీపు వెనక నుంచి పట్టీ తెచ్చి రెండు చేతులూ ముందుకు తొయ్యడం ఛాతీకి. పట్టీని పాదాల కింద తొక్కి, చివర్లు భుజాల దగ్గర పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం తొడలకు. ఇందులో పట్టీ మడమ కింద కాకుండా పాదం నడిమి కింద ఉండాలి, జారితే నేరుగా గడ్డానికే తగులుతుంది. చెప్పులు లేకుండా నున్నటి గచ్చు మీద, తడి పాదాలతో చెయ్యకు. రింగు మోకాళ్ల పైన తొడుక్కుని పక్కకి పది అడుగులు, తిరిగి పది అడుగులు వెయ్యడం తుంటికి. మోకాళ్లు లోపలికి వాలనీయకు.

ఒక్కోటి 12 సార్లు, రెండు విడతలు, మధ్యలో నిమిషంన్నర విరామం. కండరాలకు వారంలో కనీసం రెండు రోజులు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. నువ్వు రోజు విడిచి రోజు చెయ్యి. 15 సార్లు మూడు విడతలు ఇబ్బంది లేకుండా వస్తే పట్టీని బెత్తెడు పొట్టిగా పట్టుకో. కొత్త పట్టీ కొనాల్సిన అవసరం చాలాకాలం రాదు.

మీ అమ్మ కూర్చునే చెయ్యనీ. రక్తపోటు ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి లాగితే రక్తపోటు ఒక్కసారి పెరుగుతుంది. లాగేటప్పుడు పైకి లెక్కపెట్టమను, నోరు మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు. మోకాలు వాచి ఉన్నా, చెయ్యి పైకెత్తితే భుజంలో పోటు వచ్చినా ముందు ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో చూపించండి, ఆ తర్వాతే పట్టీ. చేస్తుండగా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపెయ్యాలి.

రబ్బరుకి ఎండ, నూనె రెండూ శత్రువులే. కొబ్బరినూనె రాసుకున్న చేతులతో పట్టుకోకు, డాబా మీద ఆరవెయ్యకు. చెమట పట్టాక మంచినీళ్లతో కడిగి నీడన ఆరనిచ్చి, టాల్కం పౌడరు కాస్త చల్లి వదులుగా చుట్టి డబ్బాలో పెట్టు. వానాకాలం పౌడరు లేకపోతే పొరలు అతుక్కుని, విడదీస్తే చినుగుతాయి. మొదలుపెట్టేముందు ప్రతిసారీ వెలుతురు వైపు సాగదీసి రెండు అంచులూ చూడు. సూదిమొనంత గాటు కనపడినా, జిగటగా అయినా, తెల్లటి చారలు పడినా దాన్ని కసరత్తు నుంచి తీసెయ్యి. ముడేసి మళ్లీ వాడకు, ముడి దగ్గరే ముందు తెగుతుంది. ముక్కలు గుడ్డ తానులు కట్టుకోవడానికి పనికొస్తాయి.

వచ్చే ఆదివారం కాటాతో కొలిచి, ఎన్ని కిలోలు చూపించిందో రాయి. దాన్నిబట్టి ఎంత పొడవున పట్టుకోవాలో చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న