‘జానక్యాః కమలామలాంజలిపుటే’: ర గణం ఎందుకు వచ్చింది?

సీతారాముల పెళ్ళి శ్లోకం మొదటి పాదం ‘జానక్యాః కమలామలాంజలిపుటే యాః పద్మరాగాయితాః’ని గణాలుగా (మూడేసి అక్షరాల గుంపులుగా) విడదీస్తే మొదట ర గణం (గురువు-లఘువు-గురువు) వచ్చిందని అడిగారు. మీరు ‘న’ని లఘువుగా (పొట్టి అక్షరంగా) లెక్కపెట్టి ఉంటారు. అందుకే మొదట ర గణం వచ్చింది. దాని తర్వాతే ‘క్యాః’ అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి ‘న’ గురువు (పొడవు అక్షరం), అప్పుడు మూడూ గురువులై మ గణం అవుతుంది.

1. ముందుగా సంయుక్తాక్షరాలన్నిటికీ గీత గీసి, వాటి ముందు అక్షరాలను గురువులు చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. ‘పద్మ’లో ‘ప’ కూడా ఇలాగే గురువవుతుంది.

2. ఇప్పుడు విడదీయండి:
జానక్యాః (మ) – కమలా (స) – మలాంజ (జ) – లిపుటే (స) – యాఃపద్మ (త) – రాగాయి (త) – తాః (గ)
19 అక్షరాలు. మ-స-జ-స-త-త-గ వరుస ఉన్న శార్దూల వృత్తమే, అనుమానం లేదు.

3. యతి, ప్రాస కుదరలేదని టెన్షన్ వద్దు. శుభలేఖల మీద చూసి తెలుగు పద్యం అనుకుంటాం గానీ ఇది సంస్కృత శ్లోకం. అక్కడ యతి అంటే విరామం, తెలుగులోలా పాదం మొదటి అక్షరానికీ యతి స్థానంలోని అక్షరానికీ పొత్తు (అక్షరమైత్రి) కాదు. 12వ అక్షరం ‘టే’ దగ్గర పదం ఆగింది, అంతే చాలు. ‘జా’కీ ‘యాః’కీ మైత్రి వెతకొద్దు. రెండో అక్షరం ప్రాస నియమమూ లేదు.

ప్రాస అందమంతా చివర్లో ఉంది: పద్మరాగాయితాః, కుందప్రసూనాయితాః, ఇంద్రనీలాయితాః. సీత దోసిట్లో కెంపులు, రాముడి తలపై మల్లెలు, ఒంటిమీద జారితే నీలాలు. తలంబ్రాల ముత్యాలు రంగు మారినప్పుడల్లా ‘ఆయితాః’ మోగుతుంది. ఎంత బాగుందో! నాలుగో పాదంలో ‘వైవాహికాః’ అని ఆ వరుస ఆగుతుంది, అది దోషం కాదు.