ఏఆర్ జాబ్‌లో ఉండిపోతే కెరీర్ ఆగిపోతుందా?

డిగ్రీ అవగానే చిన్న కంపెనీలో అకౌంట్స్ రిసీవబుల్‌లో (ఏఆర్, అంటే కస్టమర్ల నుంచి రావాల్సిన డబ్బు చూసుకునే పని) చేరాను, ఇన్వాయిస్‌లు వేయడం, ఫోన్ చేసి డబ్బులు అడగడం తప్ప ఏం నేర్చుకోవట్లేదు, ఇప్పుడు కస్టమర్లు బాగా పెరిగారు కాబట్టి కంప్లయన్స్ (లెక్కలన్నీ రూల్స్ ప్రకారం ఉన్నాయో లేదో చూడటం) కూడా నువ్వే చూసుకో అంటున్నారు, జాబ్ మారిపోనా అని అడిగావు కదమ్మా. ఇప్పుడే మారకు. కంపెనీ పెరిగే టైమ్‌లో ఏఆర్‌లో ఉన్నవాళ్లకి దొరికే పని, అన్నీ సెట్ అయిపోయిన పెద్ద కంపెనీలో చేరితే దొరకదు.

చిన్నగా ఉన్నప్పుడు బిల్లు వేసేది, డబ్బు తీసుకునేది, లెడ్జర్‌లో ఎక్కించేది ఒక్కరే అయినా నడిచిపోతుంది ఎందుకంటే ఓనర్‌కి ప్రతి కస్టమరూ తెలుసు, తేడా వస్తే వెంటనే పట్టేస్తారు. కస్టమర్లు వందల్లోకి వెళ్లాక అది కుదరదు. అప్పుడే ల్యాపింగ్ లాంటి మోసాలకి దారి దొరుకుతుంది, అంటే ఒక కస్టమర్ కట్టిన డబ్బు జేబులో వేసుకుని, రెండో కస్టమర్ డబ్బుని మొదటి అకౌంట్‌లో చూపించి, రెండోదాన్ని మూడోదానితో పూడ్చి, ఇలా నెలల తరబడి లాగుతారు. అందుకే డబ్బు ముట్టుకునే మనిషి, ఎంట్రీ వేసే మనిషి వేరుగా ఉండాలి. స్టాఫ్ చాలకపోతే కనీసం బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంక్ స్టేట్‌మెంట్‌ని మన లెక్కలతో సరిపోల్చడం) ఇంకొకరితో చేయించమని అడుగు, క్రెడిట్ నోట్ (వేసిన బిల్లు తగ్గించే కాగితం), రైటాఫ్ (ఇక రాదని బాకీ కొట్టేయడం) ఏదైనా సరే మేనేజర్ అప్రూవల్ రాతలో లేకుండా వేయకు. నీ మీద అనుమానంతో చెప్పట్లేదమ్మా, రేపు లెక్కల్లో తేడా వస్తే నిన్ను కాపాడేది ఆ అప్రూవలే.

తర్వాత స్టాండర్డ్స్ రెండు గట్టిగా నేర్చుకో. ఐఎఫ్ఆర్ఎస్ అంటే అంతర్జాతీయ అకౌంటింగ్ నియమాలు, అందులో ఐఎఫ్ఆర్ఎస్ 15, ఐఎఫ్ఆర్ఎస్ 9, రెండూ 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మొదటిది ఆదాయం ఎప్పుడు చూపించాలో చెప్తుంది, ఏడాది సబ్‌స్క్రిప్షన్‌కి ఈరోజు బిల్లు వేసినంత మాత్రాన మొత్తం ఈ నెల సేల్స్ అయిపోదు, సర్వీస్ ఇస్తున్న కొద్దీ ఆదాయంలోకి వస్తుంది. రెండోదాని ప్రకారం కస్టమర్ ఎగ్గొట్టేదాకా ఆగకుండా, ఇంకా గడువు దాటని బిల్లులకి కూడా ఎంత రాకపోవచ్చో అంచనా వేసి ప్రొవిజన్ పెట్టాలి, అంటే ఆ నష్టాన్ని ముందే లెక్కల్లో చూపించాలి. నీ ఏజింగ్ రిపోర్ట్‌లో (ఏ బాకీ ఎన్నాళ్లుగా ఉందో చూపించే లిస్ట్) 30, 60, 90 రోజుల కాలమ్స్ ఉంటాయి కదా, పాత డేటా చూసి ఒక్కో కాలమ్‌లో ఎంత శాతం రాకుండా పోయిందో లెక్కకట్టి, ముందుముందు పరిస్థితి ఎలా ఉంటుందో దాన్ని బట్టి ఆ శాతాలని సవరిస్తే అదే ప్రొవిజన్ మ్యాట్రిక్స్. ఎక్సెల్ చాలు. ఇంటర్వ్యూలో ఇది సొంతంగా చేశానని చెప్పి వివరించగలిగితే పది సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

డాక్యుమెంట్ల సంగతి కూడా వదలకు. ఆడిటర్ ఏ ఇన్వాయిస్ నంబర్ అడిగినా ఆర్డర్, డెలివరీ ప్రూఫ్, ఇన్వాయిస్, డబ్బు వచ్చిన ఎంట్రీ వరసగా తీసి చూపించగలగాలి, బ్యాలెన్స్ ఎంతో కస్టమర్‌నే నేరుగా అడుగుతారు కూడా.

ఇవన్నీ చేతికొచ్చాక క్రెడిట్ అనలిస్ట్, రెవెన్యూ అకౌంటెంట్, ఇంటర్నల్ ఆడిట్ వైపు వెళ్లొచ్చు. అమెరికాలో 2002లో వచ్చిన సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం వల్ల అక్కడ లిస్టయిన కంపెనీలు తమ కంట్రోల్స్ (లెక్కల్లో తప్పులు, మోసాలు జరగకుండా పెట్టుకున్న కట్టుబాట్లు) సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఏటా చూసుకోవాలి, ఆ టెస్టింగ్ పనికి ఏఆర్ లోపలి నుంచి చూసినవాళ్లు బాగా పనికొస్తారు.

ఈ వారం మేనేజర్‌ని ఒకటి అడుగు, క్రెడిట్ లిమిట్ (ఒక కస్టమర్‌కి ఎంత వరకు అప్పు ఇవ్వొచ్చో ఆ హద్దు) ఎవరు పెంచొచ్చు, రైటాఫ్ ఎవరు ఒప్పుకోవాలి అని ఒక పేజీ రాసి తెస్తాను, సంతకం పెడతారా అని.